కనిపించని సుడులు

పాండవులు అజ్ఞాతవాసానికై మత్స్యదేశం చేరినప్పుడు సహదేవుడు గోరక్షకుడిగా విరాటరాజు కొలువులో ప్రవేశించిన కథ మీరు ఎరిగినదే. తన నేర్పును రాజుకు విన్నవిస్తూ అతడు చెప్పుకొన్న విద్యలలో ఒకటి, మేలైన లక్షణాలు గల వృషభాలను గుర్తుపట్టడం. ఏ ఆబోతు వలన మంద వృద్ధి పొందుతుందో ఎరిగి ఉండటం ఆనాటికే రాజాశ్రయం పొందదగిన విద్య అన్నమాట. మన పల్లెలలో ఆ విద్య నిన్నమొన్నటి వరకు సజీవంగా ఉండేది. సంతలో కోడెను కొనబోయే రైతు ముందుగా దాని పండ్లు పట్టి చూసేవాడు. నడక, మూపురం, గంగడోలు, గిట్టలు పరికించేవాడు. చివరకు ఒంటి మీది సుడులు వెదికేవాడు. ఫలానా చోట సుడి ఉంటే ఇంటికి మేలు, మరొక చోట ఉంటే కీడు అని అతని నమ్మకం. సుడులలోని శుభాశుభాల మాట అలా ఉంచండి. కనిపించే గుర్తును బట్టి కనిపించని గుణాన్ని ఊహించాలన్న ఆ తపన మాత్రం శాస్త్రానికి దూరమైనది కాదు. నేటి శాస్త్రజ్ఞుడు కూడ సుడుల వంటి గుర్తులనే వెదకుతున్నాడు. అయితే అవి చర్మం మీద కాక కణం లోపల, డి.ఎన్.ఎ. అనే సన్నని పోగు మీద ఉన్నాయి. వాటికి జన్యు సూచికలని పేరు.

'అచ్చోసిన ఆబోతు' అన్న మాటను ఈనాడు మనం తిట్టుగానే వాడుతున్నాం. ఒకప్పుడు అది గౌరవ వాచకం. గతించిన పెద్దల పేర మేలైన కోడెదూడను ఎంచి, దేవుని ముద్ర వేసి, ఊరి మీదికి విడిచిపెట్టేవారు. దానిని ఎవరూ కాడికి కట్టరు, ఎవరూ కొట్టరు; ఏ చేలో మేసినా అడ్డుపెట్టరు. ఊరి ఆవులన్నింటికీ అదే ఆబోతు. సోమరిగా తిరిగే మనిషికి ఆ పోలిక ఎందుకు అంటగట్టారో గాని, నిజానికి ఆ ఆబోతు చేసిన సేవ సామాన్యమైనది కాదు. కృష్ణా, పెన్నా నదుల నడిమి సీమలో ఒంగోలు జాతి అంతటి దార్ఢ్యంతో రూపొందడానికి ఇలా తరతరాలుగా ఎంచి విడిచిన ఆబోతులే ముఖ్యకారణం. మేలైన దానిని ఎంచి దాని సంతతిని పెంచడాన్ని శాస్త్రపరిభాషలో వరణం అంటారు.

వరణానికి నీడవలె వెంట వచ్చేది మరొకటి ఉంది. ఒకే ఆబోతు ఊరిలో ఏళ్ల తరబడి ఉంటే, దానికి పుట్టిన పెయ్యలు పెరిగి ఎదకు వచ్చేనాటికి వాటికీ అదే ఆబోతు దిక్కు అవుతుంది. ఇలా దగ్గరి రక్తసంబంధం గల జీవుల మధ్య జరిగే సంకలనమే అంతఃప్రజననం. పశుపోషకులు దీనిని ఎల్లప్పుడూ తప్పుగా భావించలేదు. 18వ శతాబ్దంలో ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌కు చెందిన రాబర్ట్ బేక్‌వెల్ మేలైన గుణాలు చెదరిపోకుండా ఉండటానికి దగ్గరి బంధువులనే బుద్ధిపూర్వకంగా జతపరచేవాడు. ఆ దారిలో నడిచిన కాలింగ్ సోదరులు షార్ట్‌హార్న్ జాతిని తీర్చిదిద్దారు. వారి మందలోని కామెట్ అనే ఆబోతు 1810లో వెయ్యి గినీలకు అమ్ముడుపోయింది. దాని వంశక్రమం వింటే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. కామెట్ తండ్రి పేరు ఫేవరిట్. కామెట్ తల్లి, అదే ఫేవరిట్‌కు దాని కన్నతల్లి వలన పుట్టిన పెయ్య. అనగా తండ్రి, తాత ఒకటే; తండ్రిని కన్న తల్లి, తల్లిని కన్న తల్లి కూడ ఒకటే. సగోత్రంలో పెండ్లి మాటే వినరాదనే మన సమాజానికి ఇది మింగుడు పడని లెక్క.

అంతఃప్రజననం వలన కీడు ఎలా కలుగుతుందో తెలుసుకొనడానికి మనకు పరిచితమైన తాళపత్ర ప్రతుల ఉదాహరణను తీసుకొందాం. ఒక కావ్యానికి రెండు ప్రతులు దొరికాయనుకొనండి. ఒక ప్రతిలో లేఖకుడు ఒక పద్యపాదాన్ని తప్పుగా వ్రాశాడు. రెండవ ప్రతిలో ఆ పాదం సరిగానే ఉంది. పరిష్కర్త రెండింటినీ పోల్చి సరియైన పాఠాన్ని నిలుపుకొంటాడు, కావ్యం చెడదు. సి.పి. బ్రౌన్ మన కావ్యాలకు వీలైనన్ని ప్రతులు సేకరించి, పండితులచేత పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించినది ఈ కారణంచేతనే. అయితే ఆ రెండు ప్రతులూ ఒకే మాతృకను చూచి వ్రాసుకొన్నవైతే ఏమవుతుంది? మాతృకలోని తప్పు రెండింటిలోనూ ఉంటుంది. దిద్దుకొనడానికి ఆధారమే ఉండదు.

ప్రతి పశువు కణంలోనూ జన్యుగ్రంథం రెండేసి ప్రతులుగా ఉంటుంది. ఒకటి తల్లి ఇచ్చినది, ఒకటి తండ్రి ఇచ్చినది. ఒక ప్రతిలో ఒక జన్యువు చెడిపోయినా రెండవ ప్రతిలోని మంచి జన్యువు పని నడుపుతుంది. కనుక ఆ లోపం పైకి కనిపించదు. ఇటువంటి లోపాలను అంతర్గత లోపాలంటారు. లోపాలు బొత్తిగా లేని జీవి లోకంలో లేదు. తల్లిదండ్రులు దగ్గరి బంధువులైనప్పుడు వారిరువురూ ఒకే పూర్వజునినుంచి ఒకే చెడ్డ ప్రతిని అందుకొని ఉండే అవకాశం పెరుగుతుంది. అప్పుడు దూడకు రెండు ప్రతులూ చెడ్డవే రావచ్చు. ఈ అవకాశాన్ని అంకెలలో కొలిచే పద్ధతిని అమెరికా శాస్త్రజ్ఞుడు సీవాల్ రైట్ 1922లో ప్రతిపాదించాడు. సవతి అన్నచెల్లెళ్లకు పుట్టిన సంతానంలో ఈ గుణకం 12.5 శాతం, తోడబుట్టినవారి సంతానంలో 25 శాతం. పై కామెట్‌కు, అంతకు ముందు తరాల బంధుత్వాన్ని లెక్కలోకి తీసుకొనకపోయినా, 37.5 శాతం వస్తుంది.

రైట్ లెక్కకు ఆధారం వంశావళి గ్రంథాలు. షార్ట్‌హార్న్ పశువుల వంశావళి 1822లోనే అచ్చయింది. కాని కాగితం మీది వంశావళికి రెండు పరిమితులున్నాయి. వ్రాసినవాడు పొరబడితే లెక్క అంతా పొరబాటే. ఇది మొదటిది. రెండవది ఇంకా లోతైనది. తోడబుట్టిన రెండు పెయ్యలకు వంశావళి ఒక్కటే కనుక కాగితం రెండింటికీ ఒకే గుణకాన్ని చెబుతుంది. ప్రకృతి మాత్రం ప్రతి సంతానానికీ కొత్తగా పేక కలిపి ముక్కలు పంచుతుంది. ఒక పెయ్యకు తల్లిదండ్రుల ఉమ్మడి పూర్వజుని భాగాలు ఎక్కువగా, చెల్లెలికి తక్కువగా రావచ్చు. కాగితం చెప్పేది సగటును. ఆ పశువు ఒంట్లో నిజంగా ఏముందో అది చెప్పలేదు.

ఇక్కడే జన్యు సూచికల అవసరం ఏర్పడింది. పశువు జన్యుగ్రంథం మూడు వందల కోట్ల అక్షరాలకు కొంచెం తక్కువగా ఉండే మహాగ్రంథం. అది 30 జతల క్రోమోసోములలో అమరి ఉంది. హెరెఫర్డ్ జాతికి చెందిన డామినెట్ అనే ఆవు జన్యుగ్రంథాన్ని చదివి శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించారు. ఒక పశువును మరొక పశువుతో పోల్చినప్పుడు ఈ గ్రంథం చాలావరకు ఒకటే; అక్కడక్కడ ఒక్కొక్క అక్షరం మాత్రం మారుతుంది. మన పరిభాషలో చెప్పాలంటే అవి పాఠాంతరాలు. ఏ స్థానాలలో పాఠాంతరాలు తరచుగా కనిపిస్తాయో తెలిసిన తరువాత గ్రంథమంతా చదవవలసిన పని లేదు. ఆ స్థానాలను మాత్రం చూస్తే చాలు. గోరంత గాజు పలక మీద సుమారు 54 వేల స్థానాలను ఒక్కసారిగా పరీక్షించే చిప్ 2008 నాటికి వాడుకలోకి వచ్చింది. తరువాత 7 లక్షల 77 వేలకు పైగా స్థానాలను చూపే చిప్ తయారైంది. పశువు తోకనుంచి పీకిన కొన్ని వెండ్రుకల కుదుళ్లు ఉంటే పరీక్షకు సరిపోతుంది.

ఈ సూచికలను వరుసగా చదువుతూ పోతే కొన్ని చోట్ల తల్లి ప్రతికీ తండ్రి ప్రతికీ పాఠభేదం కనిపిస్తూ ఉంటుంది. మరికొన్ని చోట్ల వేల, లక్షల అక్షరాల మేర రెండు ప్రతులూ ఒక్క తేడా లేకుండా సాగిపోతాయి. ఈ ఏకరూప ఖండాలే అంతఃప్రజననానికి ప్రత్యక్ష సాక్ష్యాలు. వాటి పొడవు మరొక రహస్యాన్ని కూడ చెబుతుంది. తరం మారినప్పుడల్లా క్రోమోసోములు తెగి, అతుక్కొని, ముక్కలు మారుతూ ఉంటాయి. అందుచేత ఉమ్మడి పూర్వజుడు దగ్గరివాడైతే ఏకరూప ఖండం పొడవుగా మిగులుతుంది. దూరపువాడైతే తెగి తెగి పొట్టిదవుతుంది. సుమారుగా చెప్పాలంటే కోటీ అరవై లక్షల అక్షరాల ఖండం మూడు తరాల క్రిందటి బంధుత్వాన్ని, పది లక్షల అక్షరాల ఖండం యాభై తరాల క్రిందటి బంధుత్వాన్ని సూచిస్తుంది. ఏ పుస్తకంలోనూ వ్రాయని వంశచరిత్ర ఇలా తేటతెల్లమవుతుంది. ఒక జాతిలోని పశువులలో అత్యధిక సంఖ్యకు ఒకే చోట ఒకే ఖండం ఉన్నట్లయితే ఆ చోట వరణం జరిగిందని అనుమానించవచ్చు. పూర్వపు రైతు తనకు తెలియకుండానే ఆ భాగాన్ని ఎంచుకొన్నాడన్నమాట.

ఈ పరిజ్ఞానం ఎంతటి చిక్కుముడిని విప్పగలదో తెలియజేసే ఉదంతం ఒకటి అమెరికాలో జరిగింది. అక్కడ హోల్‌స్టీన్ జాతిలో 1962లో చీఫ్ అనే ఆబోతు పుట్టింది. దాని పూర్తి పేరు పానీ ఫామ్ అర్లిండా చీఫ్. దాని పెయ్యలు పాలధారలో మేటిగా నిలిచాయి. అది కృత్రిమ గర్భధారణ విస్తరిస్తున్న కాలం. వీర్యాన్ని ఘనీభవింపజేసి ఎంత దూరమైనా పంపవచ్చు. అచ్చోసిన ఆబోతుకు ఒక ఊరే హద్దు, దీనికి ఖండాంతరాలు కూడ హద్దు కాలేదు. చీఫ్‌కు 16 వేల కూతుళ్లు, 5 లక్షల మనుమరాళ్లు, 20 లక్షలకు పైగా మునిమనుమరాళ్లు కలిగినట్లు గణించారు. అమెరికాలోని హోల్‌స్టీన్ పశువుల జన్యుసంపదలో దాదాపు 14 శాతం ఈ ఒక్క ఆబోతునుంచి వచ్చినదేనని తేలింది.

ఇంతటి కీర్తి వెనుక ఒక నిశ్శబ్ద నష్టం సాగుతూ ఉండేది. పాడిరైతుకు ఆవు చూడి కట్టినట్టే కట్టి ఈచుకుపోవడం కొత్త అనుభవం కాదు. మేతలో లోపమనో, ఎండదెబ్బ అనో, ఏదో జబ్బు అనో అనుకొని ఊరుకుంటాడు. పుట్టని దూడకు లెక్క వ్రాసేదెవరు? ఈ లెక్కను 2011లో అమెరికా వ్యవసాయశాఖకు చెందిన పాల్ వాన్‌రాడెన్, అతని సహచరులు బయటపెట్టారు. వారి ఉపాయం నన్ను ముగ్ధుణ్ణి చేసింది. వారు ఉన్నదానిని కాక, లేనిదానిని వెదికారు. చిప్ ద్వారా పరీక్షించిన వేలాది పశువుల సూచికలను ముందు వేసుకొని, జాతిలో తరచుగా కనిపిస్తూ కూడ రెండు ప్రతులలోనూ ఒకేసారి ఎన్నడూ కనిపించని ఖండాలు ఏవైనా ఉన్నాయా అని పరిశీలించారు. ఒక ఖండం ఒక్కొక్క ప్రతిగా తల్లిలోను, తండ్రిలోను ఉన్నప్పుడు, నాలుగు దూడలలో ఒకదానికి అది రెండు ప్రతులుగా రావాలి. అలాంటి పశువులు మందలో ఎన్నో ఉండాలి. ఒక్కటీ లేదు! అంటే అవి పుట్టకముందే పోతున్నాయని అర్థం. ప్రతిపక్షం సాక్షులందరూ ఒకే రోజు గైరుహాజరైతే న్యాయాధికారికి కలిగే అనుమానం వంటిది ఇది.

అయిదవ క్రోమోసోములోని ఒక ఖండం వంశమూలం వెదకగా అది చీఫ్ దగ్గర ఆగింది. అపాఫ్ అనే జన్యువులో ఒక్క అక్షరం మారిపోయింది. వాక్యం మధ్యలో అకాలంగా పూర్ణవిరామం పడినట్లు, ఆ మార్పు వలన జన్యుసందేశం సగంలో ఆగిపోతున్నది. పిండం రూపుదిద్దుకొనేటప్పుడు అనవసరమైన కణాలు తమంతట తాము తొలగిపోవడానికి ఆ జన్యువు అవసరం. అది రెండు ప్రతులలోనూ చెడితే చూడి 60 నుంచి 200 రోజుల మధ్య పోతుంది. చీఫ్‌లో ఒక ప్రతి మంచిది కనుక దానికి ఏ లోపమూ లేదు. కాని దాని మనుమలూ మనుమరాళ్లూ ఒకరికొకరు జతపడిన చోటల్లా ప్రమాదం పొంచి ఉంది. సుమారు 35 సంవత్సరాలలో ప్రపంచవ్యాప్తంగా ఈ కారణంగా 5 లక్షల 25 వేల చూడులు పోయాయని, నష్టం 42 కోట్ల డాలర్లని శాస్త్రజ్ఞులు 2016లో అంచనా కట్టారు.

ఇంతవరకు విన్నవారు చీఫ్‌ను వాడకపోతేనే బాగుండేది అనుకొనవచ్చు. అదే శాస్త్రజ్ఞులు మరొక లెక్క కూడ చెప్పారు. చీఫ్ వలన పెరిగిన పాలదిగుబడి విలువ దాదాపు 3,000 కోట్ల డాలర్లు. నష్టానికి లాభం డెబ్బయి రెట్లు. వంశాన్నంతా త్రోసివేయవలసిన పని లేదు. ఆ లోపాన్ని మోస్తున్న ఆబోతును అదే లోపాన్ని మోస్తున్న ఆవుతో జతపరచకుండా ఉంటే చాలు. పరీక్ష రాకముందు ఇది ఎవరికీ సాధ్యం కాని పని. పరీక్ష వచ్చిన తరువాత ఆబోతు పేరు పక్కన దాని జన్యు ఫలితాన్ని కూడ ప్రకటించడం పరిపాటి అయింది.

మరి ఈ సాధనం వలన అంతా మేలేనా? అమెరికాలో 2009 జనవరినుంచి హోల్‌స్టీన్ ఆబోతుల విలువను జన్యు సూచికల ద్వారా అధికారికంగా నిర్ణయించసాగారు. అంతకు ముందు ఆబోతు యోగ్యత తెలియాలంటే దాని కూతుళ్లు పెరిగి, ఈని, పాలిచ్చేదాకా ఏళ్ల తరబడి ఆగాలి. ఇప్పుడు దూడ పుట్టగానే వెండ్రుకలు చూసి చెప్పవచ్చు. ఒక ఆబోతుకు దాని వారసుడైన ఆబోతు పుట్టేనాటికి పట్టే కాలం ఏడేళ్లనుంచి రెండున్నర ఏళ్ల లోపుకు తగ్గింది. వరణం వేగం పెరిగింది. అందరూ ఆ కొద్ది మేటి వంశాలనే కోరడం వలన అంతఃప్రజననం కూడ ఏటేటా వేగంగా పెరిగింది. అమెరికా కృత్రిమ గర్భధారణ కేంద్రాలలోని హోల్‌స్టీన్ ఆబోతులలో 99 శాతానికి పైగా తండ్రివైపున రెండే వంశాలకు చెందుతాయని 2015లో తేలింది. ఒకటి మన చీఫ్‌ది. రెండవది ఎలివేషన్ అనే ఆబోతుది. కోతి చేతికి కొబ్బరికాయ అనను గాని, కత్తి పదునెక్కినకొద్దీ పట్టుకొనేవాడు జాగ్రత్త పడవలసి ఉంటుంది.

అంతఃప్రజననం ప్రతిచోటా వినాశహేతువే అని కూడ తీర్మానించరాదు. ఇంగ్లండు ఉత్తరభాగంలో చిల్లింగ్‌హామ్ ఉద్యానవనంలో ఒక తెల్లని పశువుల మంద ఉంది. మూడు వందల ఏళ్లకు పైగా దానిలోకి బయటి రక్తం రాలేదు. 1947 నాటి దారుణమైన చలికి మందలో 13 పశువులు మాత్రమే మిగిలాయి. 2001లో శాస్త్రజ్ఞులు ఈ పశువులలో 25 సూచికలను పరీక్షించగా 24 చోట్ల ఏ మాత్రం భేదం కనిపించలేదు. ప్రతులన్నీ అచ్చుగుద్దినట్లు ఒక్కటే. అయినా మంద నిలిచి, వృద్ధి పొందింది. ప్రాణాంతకమైన లోపాలు నెమ్మదిగా, తరతరాలుగా బయటపడి, వాటిని మోసే పశువులతోపాటే అంతరించి ఉంటాయని శాస్త్రజ్ఞుల ఊహ. అయితే ఆ వడపోతలో ఎన్ని మందలు నామరూపాలు లేకుండా పోయాయో మనకు తెలియదు; మిగిలినది మాత్రమే మన కంటికి కనిపిస్తుంది. ఒక చిల్లింగ్‌హామ్‌ను చూసి ధైర్యం చెప్పుకొనడం వివేకం కాదు.

ఇక మన ఒంగోలు జాతి సంగతికి వద్దాం. ఈ జాతిని బ్రెజిల్‌లో నెలోర్ అంటారు. అది మన నెల్లూరు పేరే. 1868లో బహియా రాష్ట్రపు రేవులో ఆగిన ఓడనుంచి ఒక ఒంగోలు జంట దిగిందని అక్కడి చరిత్రకారులు చెబుతారు. నాటినుంచి 1960ల ఆరంభం వరకు భారతదేశంనుంచి బ్రెజిల్‌కు వెళ్లిన పశువులు, అన్ని జాతులూ కలిపి, ఏడు వేలకు మించవు. చివరి దిగుమతులలో వెళ్లిన వాటిలో ఒంగోలు దగ్గరి కరవది గ్రామం పేరు ధరించిన ఆబోతు అక్కడ గొప్ప వంశకర్త అయింది. నేడు బ్రెజిల్‌లోని ఇరవై కోట్లకు పైబడిన పశుసంపదలో నెలోర్, దాని సంకరాలదే అగ్రస్థానం. 2023 నాటి వేలంలో వియాటినా అనే నెలోర్ ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటిందని విని తెలుగువారమంతా పొంగిపోయాం.

జన్యు సూచికలు ఈ పొంగును కొంత సవరిస్తాయి. కణంలో మైటోకాండ్రియా అనే భాగానికి ప్రత్యేకమైన డి.ఎన్.ఎ. ఉంటుంది. అది తల్లినుంచి మాత్రమే బిడ్డకు వస్తుంది. 1999లో బ్రెజిల్ శాస్త్రజ్ఞులు దీనిని నెలోర్ పశువులలో పరీక్షించగా, అధికభాగం పశువులలో అది మూపురం లేని ఐరోపా సంతతిదని వెల్లడైంది. కారణం ఊహించడం కష్టం కాదు. సముద్రం దాటినవాటిలో ఆబోతులే ఎక్కువ. అవి అక్కడ పూర్వం పోర్చుగీసువారు తెచ్చిన పశువుల సంతతి ఆవులతో జతపడ్డాయి. పుట్టిన పెయ్యను మళ్లీ ఒంగోలు ఆబోతుతో, దాని పెయ్యను మళ్లీ మరొక ఒంగోలు ఆబోతుతో కలుపుతూ పోయారు. అయిదు తరాలు గడిచేసరికి ఆ తొలి ఆవు భాగం ముప్పయి రెండింట ఒక వంతుకు తగ్గుతుంది. మూపురం, గంగడోలు, తెల్లని మేనిచాయ అన్నీ ఒంగోలువే అవుతాయి. తల్లిపేగు గుర్తు మాత్రం చెరగదు. నెలోర్ ఒంటికి తండ్రిగారిల్లు నెల్లూరు. అమ్మమ్మగారి ఊరు మాత్రం వేరు. మన జాతి అక్కడ భద్రంగా ఉంది కదా అని ఇక్కడ ఉపేక్షించడానికి వీలులేదని దీనివలన తెలుస్తుంది. ఒంగోలు ఆవుల తల్లివంశాలను తమ పుట్టినింట వెదకవలసిందే.

అందుకు తగిన సాధనాలు ఇప్పుడు మనకు సమకూరుతున్నాయి. ఐరోపా జాతుల ఆధారంగా తయారైన చిప్ మన పశువుల పాఠాంతరాలను పూర్తిగా పట్టుకొనలేదు. ఆ కొరత తీర్చడానికి హైదరాబాదులోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ 11,496 సూచికలతో 'ఇండిగౌ' అనే చిప్‌ను రూపొందించి 2021 ఆగస్టులో విడుదల చేసింది. గిర్, కాంక్రేజ్, సాహివాల్, ఒంగోలు వంటి దేశవాళీ జాతుల కోసం ఉద్దేశించినది ఇది. 2024 అక్టోబరులో ఆవులకు గౌచిప్, గేదెలకు మహిష్‌చిప్ అనేవి కూడ వెలువడ్డాయి.

వీటి అవసరం ఒంగోలుకంటె పుంగనూరు జాతికి ఎక్కువ. ప్రపంచంలోని పొట్టి జాతులలో ఒకటైన ఈ పశువు ఎత్తు సుమారు మూడడుగులే. విదేశీ జాతులతో సంకరం విరివిగా సాగిన కాలంలో ఇది అంతరించే దశకు చేరింది. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో కాపాడిన మంద దీనికి పెద్ద ఆధారం. మంద చిన్నదైనప్పుడు బంధువులు కాని జంట దొరకడమే కష్టం. సంకరపు పొట్టిదూడను మేలు పుంగనూరుగా భ్రమించి కొనే ప్రమాదమూ ఉంది. అక్కడ ఒక ఆవు ఎదకు వచ్చిందనుకొందాం. రెండు ఆబోతులున్నాయి. ఎత్తు, రంగు, కొమ్ములు, సుడులు అన్నింటా రెండూ సమానమే. వంశావళిలోనూ ఆ ఆవుకు రెండూ సమాన దూరపు బంధువులే. మూడింటి వెండ్రుకలు పరీక్షకు పంపారు. మొదటి ఆబోతుకూ ఆవుకూ ఏడు క్రోమోసోములలో పొడవైన ఖండాలు అక్షరం తేడా లేకుండా ఒకటిగా ఉన్నాయి. రెండవ ఆబోతుకు అటువంటివి రెండు చోట్ల మాత్రమే, అవీ పొట్టివి. ఆ ఆవు దగ్గరకు రెండవ ఆబోతునే తోలుకొని రావాలి. మొదటిదానికి మందలో మరొక ఆవును వెదకాలి.